తొమ్మిదో దీపం

"ఎవరిచ్చిండ్రు పర్మిషన్? నేనియ్యలే! తండ్రిని నేను కాదా?"

దేవ్‌సింగ్ అరుపు వాకిలి దాటి పక్కింటి దాకా వెళ్ళింది. గనిలో ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా ఇంటికి వచ్చినవాడు ఇంకా బూట్లు విప్పలేదు. డంపర్ నడిపిన ఒంటి మీద బొగ్గు మసి అట్లాగే ఉంది.

అవతల వరంగల్‌లో కాలేజీ హాస్టల్ వార్డెన్. స్పీకర్‌లో ఆమె గొంతు తాపీగా వినిపించింది.

"రికార్డు ఉంది సార్. మీ అమ్మాయి పుష్ప శనివారం పదిన్నరకు బయటికెళ్ళింది. తను యాప్‌లో అడిగింది. మెషీన్ మీకు ఫోన్ చేసింది. పేరెంట్ ఒకటి నొక్కారు. ఒకటి నొక్కితే ఒప్పుకున్నట్టు, రెండు నొక్కితే వద్దన్నట్టు. ఇందులో మా తప్పేముంది?"

"ఏ ఫోన్‌లకెళ్ళి నొక్కిండ్రు?"

"అమ్మది, నాన్నది రెండు నంబర్లు ఇచ్చారు. పేరెంట్ అని మాత్రమే పడుతుంది. ఇవాళ పండుగ సార్, ఆఫీసు లేదు. ఎల్లుండి చేయండి."

లైను తెగింది.

పొయ్యి ముందు కమ్లి రొట్టె తిప్పడం మరిచిపోయింది. మాడిన వాసన ఇంటినిండా కమ్ముకుంది.

శనివారం బయల్దేరిన పిల్ల. ఇవాళ సోమవారం, దీపావళి అమావాస్య. వరంగల్ నుంచి సత్తుపల్లి మీదుగా ఈ తండాకు ఆరు గంటల దారి. రెండు రోజులైనా రాలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్.

"ఎవడో నొక్కిండు," అన్నాడు దేవ్‌సింగ్. "మన పేరు మీద ఎవడో నొక్కి నా బిడ్డను బయటికి తీసిండు."

"బాపూ..." అంది చాంది.

నాలుగో తరగతి చదివే చాంది గోడ పక్కన కూర్చుని, పొట్టు బుట్టలో మాగేసిన సీతాఫలాలను కుప్పలు పెడుతోంది. ఏటా దీపావళి నాడే ఆ బుట్ట తెరుస్తారు. నాలుగు కుప్పలు పెట్టింది. నాలుగోది అక్కది. అందులో అన్నిటికంటే పెద్ద పండు పెట్టి, మళ్ళీ తీసి తన కుప్పలో వేసుకుని, మళ్ళీ అక్క కుప్పలోనే పెట్టింది.

"ఏందే?"

"యాడీకి తెల్సు," అంటూ చాంది తల్లి వైపు చూపించింది.

కమ్లి వెనక్కి తిరిగి కూతురి వైపు ఒక్క చూపు చూసింది. చాంది తల దించుకుంది. కానీ ఆ చూపు దేవ్‌సింగ్ కూడా చూశాడు.

"ఏం తెల్సు నీకు?"

కమ్లి పెనం దించింది. మసిగుడ్డతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకుంది.

"నేనే నొక్కిన," అంది.

బయట ఎవరి ఇంట్లోనో పిల్లలు ఒక్క టపాకాయ పేల్చారు.

"శనివారం పత్తి ఏరుతున్న. ఫోన్ మోగింది. మీ అమ్మాయి పుష్ప అన్నది మెషీను. గంతే ఇన్న. ఒకటి నొక్కిన."

"ఎటు పోతదో, ఎన్ని రోజులో చెప్తది గదా! మొత్తం ఇనలేదా?"

"ఎన్నడిన్న? అది చదివేదాక ఆగితే బిడ్డకు బస్సు తప్పుతదని జల్దీ నొక్కుత. ఏడాదిన్నర సంది అట్లనే నొక్కుతున్న. నొక్కినప్పుడల్లా సాయంత్రానికి వచ్చేది. ఈసారి రాలే."

"రెండు రోజులు! రెండు రోజుల సంది నోట్లె ఏం పెట్టుకున్నవ్? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సెకండ్ షిఫ్టులున్నవ్ శనివారం. మొదట నీకు తెల్వకుండ ఉంచుదామనుకున్న. ఇయ్యాల పొద్దుమూకంగ అది దీపం పట్టుకొని నీ ముందర నిలబడితే, నీ మొఖం ఎట్లుంటదో చూడాలనుకున్న." కమ్లి మసిగుడ్డ మడత పెట్టింది. "నిన్న రాకపోయేసరికి భయమైంది. చెప్తే నువ్వు తిడ్తవని ఇంకా భయమైంది."

దేవ్‌సింగ్ తిడతాడని చాంది చెవులు మూసుకుంది.

దేవ్‌సింగ్ తిట్టలేదు. గడప మీద కూలబడ్డాడు. బూటు లేసు విప్పబోయి ఆపేశాడు.

"అది ఇంటికి రాదు కమ్లీ."

"ఏంది?"

"నేనే రావద్దన్న."

కమ్లి లేచి నిలబడింది.

"పోయిన మంగళవారం నా ఫోన్‌కు మెసేజొచ్చింది. కాలేజీ పరీక్షల దానికి రెండు సబ్జెక్టులు పోయినయని. క్యాంటీన్‌ల ఉన్న. చుట్టూ మావోళ్ళే. ఇంజినీర్ అమ్మాయి తండ్రి అని నన్నెట్ల పిలుస్తరో నీకు తెల్సు గదా. అక్కడికెళ్ళే ఫోన్ చేసిన. ఆ రెండు పాసయ్యేదాక ఇంటి మొఖం చూడకు అన్న."

"అదేమన్నది?"

"ఏమనలే. సరే బాపూ అని పెట్టేసింది."

"సరే అన్నదా?"

"అవ్. సరే అన్నది."

కమ్లి పెద్దగా అరవలేదు. అందుకే ఆ మాటలు గట్టిగా తగిలాయి.

"నువ్వు డంపర్ టెస్టుకు ఎన్నిసార్లు పోయినవ్?"

"ఇప్పుడదెందుకు?"

"మూడుసార్లు. మూడుసార్లు ఫెయిలై వచ్చినవ్. నేను తలుపేసిన్నా? పాసయ్యేదాక రాకు అన్ననా? రొట్టె పెట్టిన. ఉల్లిగడ్డ లేదని మొఖం మాడ్చుకున్నవ్, లేచిపోయి పక్కింట్ల తెచ్చి పెట్టిన."

చాంది కిసుక్కున నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి మింగేసింది.

* * *

పుష్ప రూమ్మేట్ శ్రావణిది వైరా. నంబరు చాంది నోట్‌బుక్కు వెనక అట్ట మీద దొరికింది. దేవ్‌సింగ్ చేశాడు. ఆరోసారి ఎత్తింది.

"అంకుల్, నాకు తెల్వదంకుల్."

"నేనింకా ఏం అడగలే బిడ్డా."

అవతల కుక్కర్ విజిల్ వేసింది.

"పుష్ప గురించే గదంకుల్. శనివారమే పోయింది. తెల్వదంకుల్. మా అమ్మ పిలుస్తున్నది."

"నీ కాళ్ళు మొక్కుత, ఒక్క మాట..."

కట్ అయింది. మళ్ళీ చేస్తే బిజీ.

"ఆ పిల్లకు తెల్సు," అంది కమ్లి.

"తెలిస్తే చెప్పదా?"

"చెప్పద్దంటే ఎట్ల చెప్తది? మన బిడ్డ అసుంటిదానికే దోస్తు."

దేవ్‌సింగ్ బైకు తాళం తీసుకున్నాడు. దమ్మపేట పోలీస్ స్టేషన్‌కు పోతానన్నాడు. అప్పటికే ఎండ పత్తి చేల మీద నుంచి జారి అడవి అంచున తంగేడు పొదల దగ్గర ఆగింది. తండా మొదట్లో, తండా పెద్ద నాయక్ ఇంటి దగ్గర డప్పు మోగింది.

"ఎట్ల పోతవ్?" అంది కమ్లి. "మేరా మొదలైంది."

దీపావళి అమావాస్య రోజు పొద్దుగూకే వేళ పెళ్ళికాని ఆడపిల్లలు చేతుల్లో దీపాలతో ఇల్లిల్లూ తిరిగి మేరా చెబుతారు. ఆ ఇంటికి ఏడాదంతా మంచి జరగాలని కోరతారు. ఇంటి పెద్ద వాళ్ళ దీపాల్లో నూనె పోస్తాడు. మేరా అందుకోకుండా ఇంటి పెద్ద గడప దాటకూడదు. చివరి ఇంటి దాకా దీపం ఆరకూడదు. ఆ దీపం చేతిలో ఉన్నంతసేపు పిల్లను ఎవరూ ఏమీ అడగకూడదు, ఏమీ అనకూడదు.

తాళం దేవ్‌సింగ్ గుప్పిట్లోనే ఉండిపోయింది.

"బాపూ, అక్క లేకుంటే ముందల ఎవరు నడుస్తరు?" చాంది కొత్త లంగా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అడిగింది.

"ఎవరో ఒకరు నడుస్తరు పో."

"అక్కకే పాటంతా వచ్చు. మేమంతా ఎనక అందుకునేదే. మధ్యల మర్చిపోతే?"

"మర్చిపోతే మళ్ళ మొదటికెళ్ళి పాడుండ్రి. పో!"

చాంది దీపం చేత్తో దాచుకుని వీధిలోకి పరుగెత్తింది. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది.

ఇద్దరూ గుమ్మానికి చెరో పక్క కూర్చున్నారు. రాటకు పుష్ప పోయిన ఏడు కట్టిన పూసల తోరణం వేలాడుతోంది. పోయిన ఏడు ఇదే వేళకు ఆ పిల్ల ఈ ఇంట్లో చేసిన గోల అంతా ఇంతా కాదు. లంగాకు అద్దాలు కుట్టలేదని తల్లితో తగువు. చెల్లెలి జడ లాగడం. పండుగ మర్నాడు పూలు కోయడానికి అడవికి ఏ దారిన పోవాలో తండా పిల్లలందరికీ హుకుం. నోరు మూసుకోవే అని దేవ్‌సింగ్ పదిసార్లు కసిరాడు.

ఇప్పుడు పొయ్యిలో కట్టె చిటపటమన్నా వినిపిస్తోంది.

"నూనె తీసిపెట్టు," అన్నాడు దేవ్‌సింగ్, ఏదో ఒకటి అనాలని.

"తీసిపెట్టిన."

కమ్లి నూనె గిన్నెను గడప దగ్గరికి జరిపింది.

వీధి మలుపులో దీపాలు కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి, చేతుల ఎత్తులో ఊగుతూ వస్తున్నాయి. ముఖాలు తెలియడం లేదు. కమ్లి అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. పుష్ప కాకుండా తండాలో పెళ్ళికాని ఆడపిల్లలు ఎనిమిది మంది.

తొమ్మిది వచ్చాయి.

తప్పు లెక్కపెట్టానేమో అనుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

తొమ్మిదే.

పాట దగ్గరైంది. ముందు నడుస్తున్న గొంతు ఎక్కడా తడబడడం లేదు. మధ్యలో ఆగడం లేదు. కమ్లి రాట పట్టుకుని లేచింది. దేవ్‌సింగ్ అప్పటికే లేచి ఉన్నాడు.

గుమ్మం ముందు మొదటి దీపం ఆగింది. దాని వెనక పుష్ప.

చిక్కిపోయింది. కాలేజీకి వేసుకునే చుడీదారే వేసుకుంది. తలమీద ఎవరిదో అద్దాల ఓణీ. పాట పాడుతున్నంతసేపూ దీపం వత్తి మీదే చూపు. తండ్రి పేరు చెప్పి మేరా చెప్పింది. తల్లి పేరు చెప్పి మేరా చెప్పింది. గొంతులో ఏ వణుకూ లేదు. పరాయి ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడింది.

దేవ్‌సింగ్ నూనె గిన్నె తీసుకున్నాడు. అంత పెద్ద డంపర్ తిప్పే ఆ చేతికి చిన్న గిన్నె వంచడం కుదరలేదు. నూనె దీపంలో కొంత, పుష్ప మణికట్టు మీద కొంత పడింది. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

అతని పెదవులు కదిలాయి. కమ్లి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అడగకూడదు. ఏమీ అనకూడదు. బిడ్డా అని పిలిచినా ఆ తర్వాతి మాట ఆగదు.

పుష్ప తల ఎత్తి ఒక్క క్షణం తల్లిని చూసింది. అంతే. తొమ్మిది దీపాలూ పక్కింటికి కదిలాయి.

"బతికే ఉంది," అన్నాడు దేవ్‌సింగ్.

"నోరు మంచిగ రానీ. ఇంకా పన్నెండిండ్లున్నయ్. అయిపోంగనే ఇంటికే గదా రావాలె."

దేవ్‌సింగ్ అప్పుడు బూట్లు విప్పాడు. రెండు బకెట్ల నీళ్ళు పోసుకుని మసి కడుక్కున్నాడు. పెళ్ళికి పోతున్నట్టు తెల్ల చొక్కా వేసుకున్నాడు. కమ్లి మాడిన రొట్టె పక్కన పడేసి కొత్తగా నాలుగు కాల్చింది. నాలుగు పళ్ళాలు పెట్టింది.

"రాంగనే ఏమనాలె?" అడిగాడు.

"ఏమనకు. ముందుగాల తిననీ."

"తిన్నంక?"

"తిన్నంక సీతాఫలం తిననీ."

"తర్వాతనన్నా నేను మాట్లాడాలె గదా కమ్లీ. తప్పయిందని చెప్పాలె గదా."

కమ్లి అతని వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఆ నోట వినడం ఇదే మొదలు.

* * *

చాంది ఒక్కతే వచ్చింది. చేతిలో రెండు దీపాలు. రెండూ వెలుగుతూనే ఉన్నాయి.

"అక్కేది?"

"మోరీ కాడ కూసున్నది. రోడ్డు మీద, బస్సాగే కాడ. పెట్టె కూడ ఉన్నది." చాంది ఆయాసపడుతూ చెప్పింది. "రెండ్రోజులు వైరాల శ్రావణక్క ఇంట్ల ఉన్నదంట. ఇంటికొస్తే బాపు తిడ్తడని రాలేదంట. మేరా చెప్పే టైములైతే ఎవరేమనరని అప్పుడొచ్చిందంట."

దేవ్‌సింగ్ గుమ్మం దిగాడు. చాంది రెండు దీపాలూ అడ్డం పెట్టింది.

"ఆగు బాపూ! అక్క చెప్పమన్నది మొత్తం చెప్పనీ! ఇప్పుడు యాడీకి మెషీను ఫోనొస్తదంట. ఒకటి నొక్కితే చదువు బంద్ జేసి ఇంటికే వచ్చేస్తదంట. రెండు నొక్కితే ఏడు గంటల బస్సెక్కి మళ్ళ పోతదంట. ఇగ పండక్కి గూడ రాదంట. నోటితోని అడగడానికి ధైర్యం లేదంట."

ఆ మాట పూర్తి కాకముందే కమ్లి నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది.

తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఏడాదిన్నరగా విన్న గొంతే. పుస్తకంలోని తెలుగు చదివినట్టు చదువుతుంది.

"మీ అమ్మాయి పుష్ప..."

బొటనవేలు దానంతటదే ఒకటి మీదికి వెళ్ళింది. కమ్లి దాన్ని బలవంతాన ఆపింది. మొట్టమొదటిసారి చివరి దాకా విన్నది.

"...హాస్టల్ గదిని శాశ్వతంగా ఖాళీ చేయుటకు అనుమతి కోరుచున్నారు. అంగీకరించినచో ఒకటి, నిరాకరించినచో రెండు, మరల వినుటకు మూడు నొక్కండి."

మూడు నొక్కింది. మళ్ళీ విన్నది.

"ఒకటి నొక్కు," అన్నాడు దేవ్‌సింగ్. "నొక్కు కమ్లీ. ఇంటికి రానీ. చదువు లేకుంటే బతుకరా? నేనేం చదివిన? నేనే పొమ్మన్న, నేనే రమ్మంటున్న. నొక్కు."

కమ్లి నాలుగు పళ్ళాల వైపు చూసింది. నాలుగు కుప్పల వైపు చూసింది. ఒక్క వేలు కదిపితే రేపటి నుంచి ఈ ఇంట్లో మళ్ళీ గోల ఉంటుంది. పత్తి చేనికి తోడు ఉంటుంది. మాపటేళ తలలో పేలు చూడడానికి మనిషి ఉంటుంది. ఈ ఏడాదిన్నర ఈ ఇల్లు ఎంత పెద్దదైపోయిందో ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ మెషీను ఏం చెప్పినా ఒకటి నొక్కడానికే ఆమె ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేది.

ఇంజినీరింగ్ సీటు వచ్చిందని తెలిసిన రోజు పుష్ప ఈ వాకిట్లోనే గంతులేసింది. పిచ్చి పట్టిందా అని ముసలమ్మలు అడిగారు.

కమ్లి రెండు నొక్కింది.

"ఏం జేసినవే!" దేవ్‌సింగ్ అరిచాడు.

"చదువు బంద్ జేస్తనంటే వద్దన్న. ఇంటికి రావద్దనలే. గా ముక్క చెప్పడానికి మెషీన్ల నంబరు లేదు." చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి దిగింది. "నువ్వు బైకు తీసి మూలమలుపు కాడ బస్సాపు. నేను పిల్లనాపుత."

"నేనూ వస్త!" అంది చాంది.

"నువ్వు దీపాలు ఆరకుండ చూడు. రెండూ."

బైకు దుమ్ము లేపుకుంటూ బండ్లబాట పట్టింది. కమ్లి అడ్డదారిలో పత్తి చేను గట్టెక్కింది. అమావాస్య. రోడ్డు ఎటుందో కాళ్ళకే తెలియాలి. పత్తి కాయల పెంకులు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి.

రెండు నొక్కడానికి ఒక్క రెప్పపాటు పట్టింది. ఆ కాదు అన్న మాట ఈపాటికి పుష్ప చేతిలోని ఫోన్‌కు చేరే ఉంటుంది. తన నడక ఇంకా సగం చేను కూడా దాటలేదు. కమ్లి కుచ్చిళ్ళు ఎగ్గట్టి పరుగందుకుంది.

మోరీ దగ్గర నల్లటి ఆకారం కనిపించింది.

"పుష్పా!"

చేత్తో తడిమింది. రేకు పెట్టె. తాళం వేసి ఉంది. దాని మీద అద్దాల ఓణీ మడిచి పెట్టి ఉంది.

మనిషి లేదు.

"పుష్పా! నేనే బిడ్డా, యాడీని!"

అడవి వైపు నుంచి కీచురాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. బస్సు ఇంకా రాలేదు. వస్తే వెలుగు ఆ మలుపు దాకా కనిపిస్తుంది. పెట్టె వదిలి ఎటు పోయింది?

చేతిలో ఫోన్ మోగింది.

అదే నంబరు. మెషీను.

కమ్లికి ఒక్కసారి వెలిగింది. పిల్ల అడిగితేనే ఈ ఫోన్ వస్తుంది. అంటే ఈ నిమిషంలోనే, ఇక్కడే ఎక్కడో, పుష్ప ఫోన్ పట్టుకుని మళ్ళీ ఏదో అడిగింది. ఏం అడిగింది? ఒక్కరోజు ఇంట్లో ఉంటాననా? అసలిక రాననా?

ఎత్తితే తెలుస్తుంది. కమ్లి ఎత్తలేదు. చుట్టూ చూసింది.

రోడ్డుకు ఆ పక్క పత్తి చేలో, చాలా లోపల, నేలకు దగ్గరగా చిన్న నీలపు వెలుగు. ఎవరో మోకాళ్ళ మీద తల పెట్టుకుని, జవాబు కోసం ఫోన్‌లోకి చూస్తూ కూర్చున్నట్టు.

మెషీనుకు జవాబు చెబితే ఆ వెలుగు ఆరిపోతుంది. ఈసారి జవాబు తన నోటితోనే చెప్పాలి. కమ్లి మోగుతున్న ఫోన్ గుప్పిట్లో పట్టుకుని చేలోకి దిగింది. నాలుగు సాళ్ళు దాటింది. ఆరు దాటి గట్టిగా పిలిచింది.

"ఇంటికి రా బిడ్డా. బాపు తప్పయిందన్నడు. రెండు నొక్కింది చదువుకే గానీ..."

మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది. గట్టిగా, ఆగకుండా. ఎవరో అడ్డం నిలబడితే కొట్టినట్టు.

గుప్పిట్లో ఫోన్ మోగడం ఆగిపోయింది.

చేలో వెలుగు ఆరింది.

చీకట్లో పత్తి మొక్కలు గలగలమన్నాయి. ఎవరో లేచి పరుగెడుతున్నారు. దగ్గరికా, దూరానికా అన్నది కమ్లికి తెలియలేదు.

రెండు చేతులూ చాపి అక్కడే నిలబడింది.